పాత జీపు కార్బురేటర్ – పునర్నిర్మాణ విధానం

డోర్నకల్ జంక్షన్‌లో రైలు దారి చీలుతుంది. ఒకటి కాజీపేట – విజయవాడల నడుమ సాగే ప్రధాన మార్గం. రెండవది కారేపల్లి మీదుగా కొత్తగూడెం బొగ్గు గనుల వైపు పోయే శాఖ. రైలు ఈ దారుల్లో ఎంత దూరమైనా పోగలదు గాని పట్టా దిగి ఒక్క అడుగు వేయలేదు. పట్టాలకు అవతల గార్ల, బయ్యారం, ఇల్లెందు అడవి దారులు. వానాకాలంలో చక్రం దిగబడే నల్లరేగడి. వంతెన లేని వాగులు. ఆ దారుల్లో రెవెన్యూ, అటవీ, పోలీసు, ఆరోగ్య శాఖల వారినీ, గనుల అధికారులనూ, ఎన్నికల పెట్టెలనూ, తరువాతి కాలంలో కిక్కిరిసిన ప్రయాణికులనూ మోసినది జీపు. నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే బండి కనుకనే అది ఆ పని చేయగలిగింది.

ఆ తరం పెట్రోలు జీపులు కొన్ని నేటికీ మన పల్లెల్లో చెట్ల కిందా, రేకుల షెడ్లలోనూ నిలిచి ఉన్నవి. వాటిని మళ్లీ రోడ్డెక్కించాలని ముచ్చటపడే యువకులు ఉన్నారు. అయితే ఇంజను సరిగా పలుకకపోతే చాలామంది మొదట చేసే పని, పాత కార్బురేటర్‌ను ఊడదీసి పాత ఇనుములో వేసి, చేతికి దొరికిన మరొకదాన్ని బిగించడం. ఇది అనవసరమైన తొందరపాటు. కార్బురేటర్ అనేది ఒక కొలపాత్ర. దాని కొలతలు తెలిసినవారు దాన్ని మళ్లీ మొదటి స్థితికి తేగలరు. ఆ కొలతలు ఏవో, అవి ఎట్లా చెడిపోతాయో, వాటిని ఎట్లా సరిచేయాలో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

జీపు మన దేశానికి వచ్చిన దారి

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా సైన్యం కోసం విల్లీస్, ఫోర్డ్ సంస్థలు కలిసి 1941 – 45 మధ్య ఆరు లక్షలకు పైగా జీపులను తయారు చేశాయి. విల్లీస్ ఇంజను పరిమాణం సుమారు 2.2 లీటర్లు, నాలుగు సిలిండర్లు, శక్తి 60 అశ్వశక్తులు. ఆ ఇంజనుపై అమర్చినది అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరానికి చెందిన కార్టర్ సంస్థ చేసిన డబ్ల్యు.ఓ. రకం కార్బురేటర్.

1945లో మహీంద్రా సోదరులు, మలిక్ గులాం మహమ్మద్ కలిసి స్థాపించిన 'మహీంద్రా అండ్ మహమ్మద్' మొదట ఉక్కు వ్యాపార సంస్థ. దేశ విభజన తరువాత గులాం మహమ్మద్ పాకిస్తాన్‌కు తొలి ఆర్థిక మంత్రిగా వెళ్లగా, 1948లో సంస్థ పేరు 'మహీంద్రా అండ్ మహీంద్రా' అయింది. 1940ల చివరినాటికే ఈ సంస్థ విల్లీస్ జీపుల విడిభాగాలను తెప్పించి బొంబాయిలో కూర్చడం ఆరంభించింది. తరువాత వచ్చిన ఎత్తు బానెట్టు సి.జె. 3బి జీపు మన ప్రాంతంలో అందరూ ఎరిగినదే. దాని ఇంజనులో గాలి లోనికి వచ్చే కవాటాలు పైన, పొగ వెలుపలికి పోయే కవాటాలు పక్కన ఉంటాయి. దానికి అమర్చే కార్బురేటర్ నమూనా వేరైనా, పనిచేసే సూత్రం ఒక్కటే. ఈ వ్యాసంలో ఇచ్చిన కొలతలు మాత్రం పాత విల్లీస్ ఇంజనుపై ఉండే కార్టర్ డబ్ల్యు.ఓ.కు చెందినవి.

'పునర్నిర్మాణం' అన్న మాటను తేలికగా వాడరాదని చెప్పడానికి జీపు చరిత్రలోనే ఒక ఉదాహరణ ఉన్నది. 1948లో కాశ్మీరు యుద్ధ అవసరాల కోసం, మరమ్మతు చేసి కొత్తవాటివలె మార్చిన 2,000 జీపులు కొనడానికి విదేశంలో ఒప్పందం జరిగింది. తొలి విడతగా మన దేశానికి చేరిన 155 జీపులు పనికిరానివని తేలాయి. పార్లమెంటులో పెద్ద దుమారం రేగింది. పైన రంగు పూసినంత మాత్రాన యంత్రం పునర్నిర్మితం కాదు. లోపలి కొలతలు మొదటి స్థితికి రావాలి.

గాలి, పెట్రోలు – తూకం

పెట్రోలు ద్రవరూపంలో ఉన్నప్పుడు ఇంజనులో సరిగా మండదు. గాలితో కలిసి సన్నని తుంపరగా, ఆవిరిగా మారినప్పుడే మండుతుంది. పూర్తిగా మండడానికి ఒక కిలో పెట్రోలుకు దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. ఒక లీటరు పెట్రోలు ముప్పావు కిలో తూగుతుంది. కాబట్టి దానికి సుమారు 11 కిలోల గాలి అవసరం. ఆ గాలి పరిమాణం తొమ్మిది వేల లీటర్లు! ఒక లీటరు ద్రవాన్ని తొమ్మిది వేల లీటర్ల గాలిలో, చుక్క చుక్కనూ లెక్కపెట్టినట్లు కలపడమే కార్బురేటర్ చేసే పని.

ఈ నిష్పత్తిలో పెట్రోలు ఎక్కువైతే మిశ్రమం చిక్కనైనదంటారు. మన మెకానిక్కులు 'రిచ్' అంటారు. అప్పుడు సైలెన్సర్ నుండి నల్లటి పొగ వస్తుంది, ప్లగ్గులపై మసి పేరుకుంటుంది, పెట్రోలు వృథా అవుతుంది. గాలి ఎక్కువైతే మిశ్రమం పలచన. దాన్ని 'లీన్' అంటారు. అప్పుడు ఇంజను వేడెక్కుతుంది, కార్బురేటర్‌లోనికే 'టప్'మని ఎదురు పేలుతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు చతికిలబడుతుంది.

పెట్రోలును ఎవరు పైకి లాగుతారు? దీనికి జవాబు 1738లో డేనియల్ బెర్నూలీ ప్రకటించిన సూత్రంలో ఉన్నది. ప్రవాహం వేగం పెరిగిన చోట దాని పీడనం తగ్గుతుంది. ఇరుకైన గొంతులో ప్రవాహం ఎట్లా నడుస్తుందో ఇటలీ శాస్త్రజ్ఞుడు వెంచురీ (1746 – 1822) పరిశీలించాడు. ఆయన పేరనే కార్బురేటర్ గొంతును వెంచురీ అంటారు. పిస్టన్ కిందికి దిగినప్పుడు గాలి ఈ గొంతు గుండా దూసుకుపోతుంది. అక్కడ పీడనం తగ్గుతుంది. పక్కనున్న గిన్నెలోని పెట్రోలుపై సాధారణ వాయు పీడనం ఉంటుంది కాబట్టి అది నాళం గుండా గొంతులోనికి ఎగసి తుంపరగా మారుతుంది. విద్యుత్తు లేదు, సెన్సర్లు లేవు, కంప్యూటరు లేదు. కొలతలు గలిగిన కొన్ని రంధ్రాలే ఇక్కడి తెలివి.

లోపలి ఐదు మార్గాలు

కార్బురేటర్‌ను విప్పదలచినవారు ముందుగా అందులోని ఐదు మార్గాలను మనసులో వేరుచేసుకోవాలి.

మొదటిది ఫ్లోటు మార్గం. గిన్నెలో ఇత్తడి బుడ్డి తేలుతూ ఉంటుంది. పెట్రోలు మట్టం పెరిగితే అది లేచి, సూదివంటి కవాటాన్ని రంధ్రంలోనికి నెట్టి, రాకను ఆపుతుంది. మన ఇళ్లలో నీళ్ల తొట్టికి ఉండే బంతి కుళాయి పనిచేసే తీరు ఇదే.

రెండవది నెమ్మది నడక మార్గం. కాలు ఎక్సిలరేటర్‌పై లేనప్పుడు థ్రాటిల్ రేకు దాదాపు మూసి ఉంటుంది. గొంతులో గాలి వేగం చాలదు. కాని రేకు దిగువన పిస్టన్ లాగుడు బలంగా ఉంటుంది. అక్కడ ఉన్న చిన్న రంధ్రం నుండి ఐడిలింగ్‌కు కావలసిన పెట్రోలు అందుతుంది.

మూడవది ప్రధాన మార్గం. కార్టర్ ప్రత్యేకత ఇక్కడ కనబడుతుంది. ప్రధాన జెట్టులో మీటరింగ్ రాడ్ అనే సన్నని కడ్డీ దిగి ఉంటుంది. దాని అడుగు భాగం మరింత సన్నం. థ్రాటిల్ తెరుచుకున్న కొద్దీ కడ్డీ పైకి లేస్తుంది. సన్నని భాగం జెట్టులోనికి వస్తుంది. పెట్రోలుకు దారి పెరుగుతుంది.

నాలుగవది ఎక్సిలరేటర్ పంపు. కాలు ఒక్కసారిగా అదిమితే గాలి వెంటనే పరుగెత్తుతుంది గాని బరువైన పెట్రోలు ఒక క్షణం వెనుకబడుతుంది. ఆ లోటును పూరించడానికి ఒక చిన్న పంపు పెట్రోలును గొంతులోనికి చిమ్ముతుంది. ఇది చెడితే పికప్ ఉండదు.

ఐదవది చోక్. చల్లని ఇంజనులో పెట్రోలు బాగా ఆవిరి కాదు. గాలి ద్వారాన్ని కొంతసేపు మూసి మిశ్రమాన్ని చిక్కబరచడం దీని పని.

వాగు ఒడ్డునో, గుట్ట వాలులోనో బండి వంగినప్పుడు గిన్నెలోని పెట్రోలు కూడా ఒక పక్కకు వంగుతుంది. మట్టం ఎక్కువగా ఉంటే పొర్లుతుంది. తక్కువగా ఉంటే జెట్టుకు అందదు. సమతల రోడ్డుపై నడిచే కారుకు చెల్లిపోయే చిన్న తేడా నాలుగు చక్రాల బండికి చెల్లదు. అందువలన జీపు కార్బురేటర్‌లో ఫ్లోటు మట్టానికి అంత ప్రాధాన్యం.

విప్పక ముందు

ప్రతి జబ్బుకూ కార్బురేటర్‌నే నిందించరాదు. ప్లగ్గులలో నిప్పు సరిగా పడుతున్నదా, పాయింట్ల ఎడం సరిగా ఉన్నదా, పెట్రోలు పంపు తగినంత అందిస్తున్నదా, ట్యాంకులోని తుప్పు ఫిల్టర్‌ను మూసివేసిందా అన్నవి ముందుగా చూడాలి. ట్యాంకును కడగకుండా కార్బురేటర్‌ను ఎంత శుభ్రపరచినా వారం రోజుల్లో మళ్లీ మురికి చేరుతుంది.

పని గాలి ఆడే చోట చేయాలి. బ్యాటరీ తీగ తీసివేయాలి. బీడీ, అగ్గిపుల్ల, దీపం దరిదాపుల్లో ఉండరాదు. పెట్రోలు గొట్టాన్ని నోటితో పీల్చే అలవాటు ప్రాణాంతకం కాగలదు. దాన్ని పూర్తిగా మానాలి. కార్బురేటర్ తీసిన తరువాత మేనిఫోల్డ్ రంధ్రాన్ని శుభ్రమైన గుడ్డతో మూయాలి. ఒక్క నట్టు జారి లోపల పడితే ఇంజనునే విప్పవలసి వస్తుంది.

విప్పడం, శుభ్రపరచడం

బల్లపై తెల్లని గుడ్డ పరచి, విప్పిన భాగాలను విప్పిన వరుసలోనే పేర్చుకోవాలి. ప్రతి దశలోనూ ఒక ఛాయాచిత్రం తీసుకోవడం నేడు అందరికీ సాధ్యమైన పని. ఐడిలింగ్ స్క్రూను తీసేముందు దాన్ని మెల్లగా లోపలికి తిప్పుతూ ఎన్ని చుట్లకు ఆగిందో రాసుకోవాలి. పై మూతను ఎత్తేముందు మీటరింగ్ రాడ్‌ను తప్పక తొలగించాలి. లేకుంటే అది వంగుతుంది. వంగిన కడ్డీని చేత్తో సరిచేసి మళ్లీ నమ్మడం కుదరదు.

జెట్టులు ఇత్తడివి, మెత్తనివి. వాటి గాడికి నిండుగా సరిపోయే పేచ్‌కస్‌నే వాడాలి. వెడల్పు చాలని పేచ్‌కస్ జెట్టు నోటిని చిదిమివేస్తుంది. గిన్నె జింకు మిశ్రమ లోహంతో పోతపోసినది. పానాతో బలం చూపితే పగులుతుంది, మరలు చెడిపోతాయి.

ఏళ్ల తరబడి నిలిచిన పెట్రోలు ఎండి లక్కవంటి జిగురుగా మారుతుంది. లోహ భాగాలను కార్బురేటర్ క్లీనర్‌లో నానబెట్టి, మెత్తని కుంచెతో తోమి, ప్రతి రంధ్రంలోనూ గాలి కొట్టించాలి. గాలి ఒక చివర పోస్తే రెండవ చివర స్పష్టంగా రావాలి. ఫ్లోటును, పంపు తోలును, ప్యాకింగులను ఆ ద్రవంలో వేయరాదు. ఇనుప తీగను జెట్టులో దూర్చడం అన్నిటికన్నా పెద్ద అపరాధం. జెట్టు రంధ్రం వెంట్రుకవాసి పెరిగినా మొత్తం కొలత చెడుతుంది. పెరిగిన రంధ్రాన్ని తిరిగి తగ్గించే ఉపాయం లేదు.

పరీక్ష – ఏది ఉంచాలి, ఏది మార్చాలి?

పునర్నిర్మాణంలో అసలైన విద్య ఇదే. అన్నీ మార్చడం ధనవ్యయం. ఏదీ మార్చకపోవడం ఆత్మవంచన.

ఫ్లోటును వేడినీళ్లలో ముంచాలి. లోపలి గాలి వ్యాకోచించి, చిల్లు ఉన్నచోట బుడగలు వస్తాయి. చిల్లున్న ఫ్లోటులో చేరిన పెట్రోలును పూర్తిగా తీసి, ఆరబెట్టిన తరువాతనే టంకం వేయాలి. లేకుంటే అది పేలే ప్రమాదం ఉన్నది. టంకం కూడా వీలైనంత పలచగా ఉండాలి. ఫ్లోటు బరువెక్కితే పెట్రోలులో మరింత మునుగుతుంది. అప్పుడు మట్టం పెరిగేవరకు అది కవాటాన్ని మూయదు.

సూది కవాటం మొనపై ఉంగరంవంటి గీత పడితే సూదినీ, దాని పీటనూ జతగా మార్చాలి. ఒకటి కొత్తది, ఒకటి పాతది కలిస్తే మూత కుదరదు.

పంపు తోలు ఎండి ముడుచుకుని ఉంటే మార్చాలి. కొత్త తోలును బిగించేముందు నూనెలో నానబెట్టి మెత్తబరచాలి.

మూత అంచులను స్టీలు స్కేలుతో పరీక్షించాలి. అతిగా బిగించినందువలన అవి వంగి ఉంటే, సమతలమైన అద్దంపై నున్నని గరుకు కాగితం పరచి మెల్లగా రుద్ది సరిచేయాలి.

థ్రాటిల్ ఇరుసును వేళ్లతో పట్టి కదిపి చూడాలి. అది అటూ ఇటూ ఊగితే ఆ సందులో నుండి లెక్కలో లేని గాలి దూరుతుంది. కొత్త కిట్టు వేసినా ఐడిలింగ్ నిలవని కార్బురేటర్లలో చాలావాటికి మూలకారణం ఈ అరుగుదలే. దీనికి ప్యాకింగుల కిట్టు మందు కాదు. లేత్‌పై రంధ్రాన్ని సరిచేయించి ఇత్తడి బుష్ వేయించాలి.

కూర్పు, కొలతలు

ప్యాకింగులు కొత్తవి వేయాలి. మరలను ఒక మూలవి పూర్తిగా బిగించక, ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించాలి. కార్టర్ డబ్ల్యు.ఓ.లో ఫ్లోటు మట్టం అంగుళంలో ఎనిమిదింట మూడు వంతులు, అంటే సుమారు 9.5 మిల్లీమీటర్లు. మూతను తలకిందులు చేసి, ఫ్లోటుకూ మూతకూ మధ్య ఈ దూరాన్ని చూడాలి. అదే మందం గల డ్రిల్ బిట్టు కాడ దీనికి చక్కని కొలబద్ద. తేడా ఉంటే ఫ్లోటు కొసను వంచి సరిచేయాలి. సూదిని రంధ్రానికి అదిమి వంచరాదు.

ఐడిలింగ్ స్క్రూను మెల్లగా చివరివరకు తిప్పి, అక్కడినుండి ఒకటి లేక రెండు చుట్లు వెనక్కు తేవాలి. ఇంజను బాగా వేడెక్కిన తరువాత, అది నిమిషానికి సుమారు 600 చుట్లు నిలకడగా తిరిగే వరకు సరిచూడాలి. చల్లని ఇంజనుపై చేసిన ట్యూనింగ్ నిలవదు. గాలి వడపోత పాత్రలో గుర్తు వరకు కొత్త నూనె పోయడం మరువరాదు. మన దుమ్ము దారుల్లో ఇంజనుకు రక్షణ ఆ నూనెయే.

నేటి పెట్రోలు తెచ్చిన సమస్య

ఈ కార్బురేటర్లను రూపొందించినవారు ఎరుగని ఇంధనం నేడు మన బంకుల్లో ఉన్నది. 2022 జూన్ నాటికి దేశంలో పెట్రోలుతో సగటున పది శాతం ఇథనాల్ కలుస్తున్నది. 20 శాతం మిశ్రమం 2023 ఫిబ్రవరిలో మొదలై 2025 నాటికి దేశమంతటా వ్యాపించింది. ఇథనాల్ తనలోనే ఆక్సిజన్ కలిగి ఉంటుంది. కిలో ఇథనాల్ మండడానికి తొమ్మిది కిలోల గాలి చాలు. లెక్క కడితే 20 శాతం మిశ్రమానికి కావలసిన గాలి సుమారు 13.5 కిలోలు. శుద్ధ పెట్రోలుకు కుదిర్చిన జెట్టులు ఈ ఇంధనంతో దాదాపు ఎనిమిది శాతం పలచని మిశ్రమాన్ని ఇస్తాయన్నమాట. కొత్త కార్లలో ఆక్సిజన్ సెన్సర్ ఈ తేడాను గ్రహించి సరిచేస్తుంది. పాత జీపులో ఆ పని మనిషి చేయాలి. ఐడిలింగ్‌ను కొంచెం చిక్కబరచాలి. వేగంలోనూ ఎదురు పేలుళ్లు వినబడితే అనుభవజ్ఞునిచేత ప్రధాన జెట్టును సరిచేయించాలి.

అంతేగాక ఇథనాల్ పాత రకం రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తుంది. తేమను పీల్చుకుని జింకు గిన్నెలో తెల్లని తుప్పు పుట్టిస్తుంది. కాబట్టి పెట్రోలు గొట్టాలనూ, పంపు డయాఫ్రంనూ ఇథనాల్‌కు తట్టుకునే రకంవాటితో మార్చాలి. బండిని నెలల తరబడి నిలిపే పక్షంలో ట్యాంకునూ గిన్నెనూ ఖాళీ చేయాలి. లేకుంటే చేసిన శ్రమ ఒక్క వానాకాలంలో వృథా కాగలదు.

ఇంత శ్రమ ఎందుకు?

1973 చమురు సంక్షోభం తరువాత పెట్రోలు ప్రియం కాగా, ఎందరో యజమానులు తమ జీపులలో పెట్రోలు ఇంజను తీసి డీజిల్ ఇంజను వేయించారు. బతుకుతెరువు కోసం చేసిన ఆ పనిని తప్పుపట్టలేము. అయితే దాని ఫలితంగా అసలు ఇంజనుతో మిగిలిన జీపులు అరుదైనాయి. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన నియమాల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ జరిగి యాభై ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పులు జరుగని వాహనాన్ని 'వింటేజ్' వాహనంగా నమోదు చేయించవచ్చు. నమోదు రుసుము 20,000 రూపాయలు. అది పదేళ్లు చెల్లుతుంది. ప్రదర్శనలకు, ర్యాలీలకు, సాంకేతిక పరిశోధనకు అటువంటి బండిని నడపవచ్చును గాని నిత్య ప్రయాణానికీ, వ్యాపారానికీ వాడరాదు. అసలు ఇంజనును కాపాడుకున్నవారికే ఈ గుర్తింపు దక్కుతుంది. ఆ ఇంజనును అసలు తీరున పలికించేది దాని కార్బురేటర్.

ఇంతకన్నా ముఖ్యమైన కారణం మరొకటి ఉన్నది. 2020 ఏప్రిల్‌లో భారత్ స్టేజ్ 6 ప్రమాణాలు అమలైన తరువాత కొత్త మోటారు సైకిళ్ల నుండి కూడా కార్బురేటర్ చాలావరకు తొలగిపోయింది. ఈనాడు పని నేర్చుకునే కుర్రవాడు ఫ్లోటు మట్టాన్ని చూసే అవసరమే రాకుండా మెకానిక్ కాగలడు. ఇంజను శబ్దం విని మిశ్రమం చిక్కనిదో పలచనిదో చెప్పగల ఉస్తాదులు వృద్ధులవుతున్నారు. వారి విద్య చాలావరకు పుస్తకాలలో లేదు. వేళ్లలోనూ చెవుల్లోనూ ఉన్నది. వారి షెడ్డులో వినబడే భాష కూడా గమనించదగినదే. పానా, పేచ్‌కస్ ఉర్దూ నుండి వచ్చాయి. జెట్టు, ఫ్లోటు ఇంగ్లీషు నుండి వచ్చాయి. చిక్కన, పలచన మన ఇంటి మాటలు. మూడు భాషలూ అక్కడ ఒక్క పనికోసం కలిసి మెలిసి ఉంటాయి.

విద్యార్థి మిత్రులారా! భౌతికశాస్త్ర గ్రంథంలో బెర్నూలీ సూత్రాన్ని చదివి పరీక్షలో రాయడం మీరు ఎరిగినదే. సెలవుల్లో ఒక్క రోజు మీ ఊరి మెకానిక్ షెడ్డుకు వెళ్లండి. ఆయన అనుమతితో ఒక పాత కార్బురేటర్‌ను విప్పి చూడండి. ఆయన చెప్పే కొలతలను, ఆయన వాడే మాటలతోనే, మీ నోటు పుస్తకంలో రాసుకోండి. సూత్రం ఎట్లా పనిచేస్తుందో మీకు కళ్లారా కనబడుతుంది. ఆయన విద్యకు ఒక లిఖిత ప్రతి మిగులుతుంది. చెట్టు కింద నిలిచిపోయిన ఒక జీపు మళ్లీ పలకడానికి ఆ నోటు పుస్తకమే రేపు ఆధారం కావచ్చు.